గాజు రింగు ఊగుతోంది: కాంతి ఒత్తిడా, వేడా?

రింగుమాస్టర్: 60 మైక్రాన్ల సిలికా మైక్రోటొరాయిడ్ (లోపల కాంతి చుట్టూ తిరిగే చిన్న గాజు రింగు) మీద పని చేస్తున్నాను. టేపర్ ఫైబర్ (రింగులోకి కాంతిని పంపే సన్నని ఫైబర్) దగ్గర పెట్టి 1550 నానోమీటర్ల లేజర్ తరంగదైర్ఘ్యాన్ని మెల్లగా మారుస్తూ స్కాన్ చేస్తే, రింగు కాంతిని లోపలికి లాక్కునే రెజొనెన్స్ దగ్గర ఫైబర్ దాటి వచ్చే కాంతిలో డిప్ శుభ్రంగా వచ్చేది. పవర్ కొంచెం పెంచేసరికి డిప్ అంతా దట్టమైన గీతలతో నిండిపోయింది. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో 50 మెగాహెర్ట్జ్ దగ్గర పీక్, దానికి రెట్టింపు, మూడు రెట్ల దగ్గర కూడా పీకులు. లేజర్ మార్చి చూశాను, అదే వరస. ఇది కాంతి తోస్తున్నదేనా, లేక రింగు వేడెక్కడం వల్లా?

సిలికాన్_సీను: వేడి అంత వేగంగా రింగుని కదపలేదండీ, 50 మెగాహెర్ట్జ్‌లో దాని వాటా చాలా తక్కువ. మీ క్యూ (రింగు కాంతిని ఎంతసేపు పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) 10 కోట్లు ఉందనుకోండి, లోపలికి వెళ్లిన కాంతి సుమారు 80 నానోసెకన్లు తిరుగుతుంది, అంటే దాదాపు 90 వేల చుట్లు. మిల్లీవాట్ కాంతి అద్దానికి తగిలి వెనక్కి వస్తే పడే బలం 7 పికోన్యూటన్లు కూడా ఉండదు, కానీ ఇన్ని చుట్లలో పోగైన కాంతి గోడని బయటికి నెడితే రింగు సాగుతుంది, రెజొనెన్స్ లేజర్ నుంచి పక్కకి జరుగుతుంది, లోపలి కాంతి తగ్గుతుంది, రింగు వెనక్కి వస్తుంది. ఈ తగ్గడం, పెరగడం కొంచెం ఆలస్యంగా జరుగుతాయి, అసలు కీలకం అదే. ఉయ్యాల వెళ్తున్న వైపుకే సరిగ్గా సమయం చూసి తోసినట్టు ప్రతి ఊపుకీ కాస్త శక్తి చేరుతుంది. 2005లో కాల్‌టెక్‌లో కిప్పెన్‌బర్గ్, వహాలా వాళ్లు చూపించింది ఇలాంటి టొరాయిడ్‌లోనే.

నీలంవైపు: ఒక్క మాట కలుపుతాను. లేజర్ రెజొనెన్స్‌కి నీలం వైపు (అంటే పొట్టి తరంగదైర్ఘ్యం వైపు) ఉంటేనే ఊపు పెరుగుతుంది, ఎరుపు వైపు (పొడవు తరంగదైర్ఘ్యం వైపు) ఉంటే ఊపు అణిగిపోతుంది, దాన్నే చల్లబడటం అంటాం. వేడి పాత్ర ఇక్కడుంది: సిలికా వేడెక్కితే రెజొనెన్స్ పొడవు తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది కాబట్టి లేజర్ తనంతట తాను నీలం వైపే స్థిరంగా నిలుస్తుంది. అందుకే అడక్కుండానే ఊగడం మొదలవుతుంది, చల్లబరచాలనుకునేవాళ్లకి మాత్రం లేజర్‌ని ఎరుపు వైపు కదలకుండా నిలపలేక ప్రాణం పోతుంది.

పంపుబాబు: తేల్చుకోవాలంటే పవర్‌ని మెల్లగా పెంచుతూ పీక్ ఎత్తు రాసుకోండి, థ్రెషోల్డ్ (ఊపు తనంతట తాను మొదలయ్యే పవర్) దాటగానే ఒక్కసారిగా లేస్తుంది, సన్నబడుతుంది. తర్వాత చాంబర్‌లో గాలి తీసేయండి. ఊపుని గాలి ఆపడం తగ్గి మెకానికల్ క్యూ (ఊపు ఎంతసేపు నిలుస్తుందో చెప్పే అంకె) పెరుగుతుంది, థ్రెషోల్డ్ దిగుతుంది.

లైగో_అభిమాని: ఇదే ఫిజిక్స్ గురుత్వ తరంగాల్ని పట్టే లైగో ప్రయోగంలోని 40 కిలోల అద్దాల్లోనూ కనపడింది! అమెరికాలోని లైగో లివింగ్‌స్టన్ డిటెక్టర్‌లో 15 కిలోహెర్ట్జ్ దగ్గర అద్దం ఊపు పెరుగుతుంటే, అద్దాన్ని వేడి చేసి వంపు కొద్దిగా మార్చి ఆపారు.

రింగుమాస్టర్: థ్యాంక్సండీ. పవర్ గ్రాఫ్ గీశాను, పంపుబాబు గారు చెప్పినట్టే ఒక చోట నిలువుగా లేచింది. ఫైబర్ రింగుకి అంటుకుంటే పీక్ మాయమవుతోంది, అది కూడా ఇందుకేనా?

పంపుబాబు: అవునండీ, తాకితే ఊపు ఫైబర్‌లోకి పోతుంది, పైగా కప్లింగ్ (ఫైబర్ నుంచి రింగులోకి కాంతి వెళ్లే తీరు) కూడా మారిపోతుంది. సందు ఉంచే కొలవండి.