ప్రభుత్వ ఉద్యోగి యూట్యూబ్ ఛానెల్‌కి మానిటైజేషన్ పెట్టుకోవచ్చా?

అందరికీ నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌ని. డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాసేవాళ్ల కోసం, ఈ-ఆఫీస్‌లో (ప్రభుత్వ ఫైళ్లు నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ) ఫైల్ ఎలా పెట్టాలో తెలియక తల పట్టుకునేవాళ్ల కోసం సాయంత్రాలు వీడియోలు చేస్తున్నాను. ముఖం చూపించను. తెల్లకాగితం మీద పెన్నుతో రాస్తూ ఇంక్రిమెంట్, పే ఫిక్సేషన్ (మూలవేతనం ఖరారు) లెక్కలు చెబుతానంతే. ఆఫీసు ఫైళ్ల జోలికి అసలు పోను.

ఇప్పుడు ఛానెల్ 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ అనే గీత దాటింది. యాడ్స్ డబ్బులకు అప్లై చేద్దామంటే అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. మా ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో ప్రైవేటు వ్యాపారం చేయకూడదని ఉంది. ఆ రోజుల్లో యూట్యూబ్ ఎక్కడిది! దీన్ని వ్యాపారం అంటారా, అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా వ్యాసంగం కింద చూస్తారా?

మా సూపరింటెండెంట్ గారిని అడిగితే "ఎందుకమ్మా లేనిపోని తలనొప్పి, మీ ఆయన పేరు మీద పెట్టెయ్" అన్నారు. పని నాది, పేరు ఆయనదా? నాకు మనసొప్పలేదు. రేపు ఎవరైనా పిటిషన్ పెడితే అదే పెద్ద మచ్చ అవుతుంది కూడా.

ఇలా ప్రాపర్ ఛానెల్‌లో, అంటే పై అధికారుల ద్వారా, అనుమతి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? దరఖాస్తులో ఆదాయం సంగతి ముందే రాయాలా? ఆదాయపు పన్ను రిటర్న్‌లో ఏ పద్దు కింద చూపిస్తున్నారు? ఉత్తర్వు కాపీ ఉంటే, పేర్లు కొట్టేసి పెట్టినా చాలు.