పదిహేనేళ్ల అబ్బాయి మౌంటెన్ బైక్ క్రాస్‌కంట్రీ రేసర్ కావాలంటే ముందుగా ఏం చేయాలి?

ప్రశ్న (ఒక తండ్రి, శృంగవరపుకోట):

పెద్దలకు నమస్కారం. మా అబ్బాయి ఈ ఏడాదే పదో తరగతి పూర్తి చేశాడు. మామూలు గేరు సైకిల్ మీద అనంతగిరి ఘాట్ రోడ్డు ఆగకుండా ఎక్కుతాడు. కొండదారుల్లో జరిగే క్రాస్‌కంట్రీ రేసులే తన వృత్తి కావాలని అంటున్నాడు, అందుకు లక్షల ఖరీదు చేసే సైకిల్ కావాలని పట్టుబడుతున్నాడు. పొలం మీద అప్పు తెచ్చి కొనడం సబబేనా? ఈ ఆటలో బతుకుతెరువు ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (వ్యాయామ ఉపాధ్యాయుడు, విజయనగరం):

అయ్యా, అప్పు చేసి సైకిల్ కొనే పని ఇప్పుడు పెట్టుకోవద్దు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమాల ప్రకారం పోటీ జరిగే సంవత్సరంలో 17 లేదా 18 ఏళ్లు నిండేవారు జూనియర్లు, 19 నుంచి 22 వరకు అండర్-23, ఆ పైన ఎలీట్ (పెద్దల విభాగం). అంటే మీ అబ్బాయికి జూనియర్ విభాగం ఇంకా ముందుంది. ఆలోగా పెరగవలసినవి అతని గుండె, ఊపిరితిత్తులు, సైకిల్ మీద పట్టు. ఈ వయసులో కాళ్లూ చేతులూ ఎదుగుతూనే ఉంటాయి కనుక, ఇప్పుడు కొలత చూసి కొన్న ఫ్రేము రేపు చిన్నదైపోవచ్చు కూడా.

ఒలింపిక్స్‌లో 1996 నుంచి ఉన్న ఈ పోటీలో అందరూ ఒకేసారి బయలుదేరి, 4 నుంచి 6 కిలోమీటర్ల చుట్టును పలుమార్లు తిరుగుతారు. పెద్దవారి రేసు దాదాపు గంటన్నర సాగుతుంది. మొదటి నిమిషంలోనే ముందుకు దూసుకుపోకపోతే సన్నని బాటలో ఎదుటివారి వెనుక చిక్కుకుపోతారు, మరీ వెనుకబడినవారిని మధ్యలోనే రేసు నుంచి తప్పిస్తారు. అందువల్ల ఘాట్ ఎక్కే ఓపిక ఒక్కటే చాలదు. వారంలో ఎక్కువ రోజులు మాట్లాడుతూ తొక్కగలిగేంత నిదానంగా తొక్కి, ఒకటి రెండు రోజులు మాత్రం నాలుగేసి నిమిషాల చొప్పున గట్టిగా ఎక్కి, మధ్యలో తేరుకోవాలి. రోజూ ఒళ్లు హూనం చేసుకునే పిల్లలు త్వరగా విసిగిపోవడం నేను చూశాను, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

దిగుడులో నైపుణ్యం ఇంకా ముఖ్యం. దానికి మన పొలం గట్లే మంచి బడి. వెడల్పు లేని గట్టు మీద నెమ్మదిగా, కాలు కింద పెట్టకుండా వెళ్లడం, మలుపులోకి రాకముందే బ్రేకు వేయడం, పల్లంలో సీటు మీది నుంచి లేచి పెడళ్ల మీద నిలబడడం నేర్చుకోమనండి. హెల్మెట్ విషయంలో మాత్రం పొదుపు చేయకండి.

ఇక బతుకుతెరువు సంగతి. విదేశాల్లో సైకిల్ తయారీ సంస్థల జట్లు అగ్రశ్రేణి రేసర్లకు జీతాలు ఇస్తాయి, ఆ కిందివారిలో చాలామందికి సైకిలూ ప్రయాణ ఖర్చులూ దొరికితే గొప్ప. స్విట్జర్లాండ్‌కు చెందిన నీనో షుర్టర్ ఈ పోటీలో ఒలింపిక్స్‌లో 2008లో కాంస్యం, 2012లో రజతం గెలిచి, ముప్ఫయ్యేళ్ల వయసులో 2016 రియోలో స్వర్ణం అందుకున్నాడు. పదో ప్రపంచ టైటిల్ 2022లో వచ్చింది. ఇంత నిదానంగా పండే ఆటలో పదిహేనేళ్లకే తొందరపడవలసిన పని లేదు. మన దేశం నుంచి ఒలింపిక్ క్రాస్‌కంట్రీలో ఇంతవరకు ఎవరూ దిగలేదు. అయితే 2023లో కేరళలోని పొన్ముడిలో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగింది, కాబట్టి దారి మూసుకుపోయిందని నేను అనను. ఇక్కడ సైక్లిస్టులకు స్థిరమైన ఆధారం రైల్వే, సైన్యం వంటి చోట్ల క్రీడాకారులకు ఇచ్చే ఉద్యోగాలే.

జవాబు (సైకిల్ మరమ్మతుదారు, పలాస):

మాస్టారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతున్నాను. కొనే రోజు వచ్చినప్పుడు 29 అంగుళాల చక్రాలు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ముందు ఎయిర్ ఫోర్క్ (గాలితో కుదుపులు తగ్గించే ముందు భాగం) ఉన్న హార్డ్‌టెయిల్, అంటే వెనుక సస్పెన్షన్ లేని సైకిల్ చూడండి, వెనుక సస్పెన్షన్ ఇప్పుడే అక్కరలేదు. మన తుమ్మముళ్లకు ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ (చిల్లును తనంతట పూడ్చే ద్రవం) పోయించడం మేలు. రేసులో నిర్ణీత మరమ్మతు చోటు దాటాక బయటివారు చేయి వేయకూడదు గనుక పంక్చరు, తెగిన గొలుసు స్వయంగా బాగు చేసుకోవడం ఇప్పుడే అలవాటు చేయండి. మరొక మాట. ఎప్పుడైనా మా ఉద్దానం వైపు సాధనకు వస్తే తెల్లవారుజామున, చీకటిపడే వేళ జీడితోటల్లోకి ఒంటరిగా పంపవద్దు. ఎలుగుబంట్లు తిరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు:

అప్పు ఆలోచన మానుకున్నాను. ఇంటర్‌లో చేర్పిస్తున్నాను. తిండి విషయంలో, పోటీలకు పేరు ఇచ్చే విషయంలో ఏం చేయాలో కూడా చెప్పండి మాస్టారూ.

జవాబు (వ్యాయామ ఉపాధ్యాయుడు, విజయనగరం):

చాలా సంతోషం. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, అన్నం, పప్పు, గుడ్డు చాలు, డబ్బాల్లో అమ్మే పొడులు వద్దు. గంట దాటే సాధనలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా అరటిపండో బెల్లమో తింటూ తొక్కడం అలవాటు చేయాలి, మన ఉక్కపోతకు నీళ్లతోపాటు ఉప్పు కూడా కావాలి. పోటీల రోజుల్లో జలుబు మాత్ర వేసుకోవాలన్నా ముందు వైద్యునికి చూపించండి, కొన్నింటిలో ఉండే సూడోఎఫెడ్రిన్ అనే మందు మోతాదు మించితే డోపింగ్ (నిషేధిత మందుల) పరీక్షలో దొరుకుతుంది.

పోటీలకు జిల్లా, రాష్ట్రం, ఆపైన జాతీయ ఛాంపియన్‌షిప్ అన్నది వరుస. విజయనగరంలోని జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లి సైక్లింగ్ సంఘం కార్యదర్శిని ఎలా కలవాలో అడగండి. వయసు విభాగాన్ని బట్టే పోటీ ఉంటుంది కాబట్టి జనన ధ్రువీకరణ పత్రం, పదో తరగతి మార్కుల పత్రం, ఆధార్ మూడింటిలోనూ పుట్టిన తేదీ ఒక్కటిగా ఉందో లేదో ఈ వారంలోనే సరిచూడండి. తేడా ఉంటే ముందు దాన్ని దిద్దించి, ఆ తర్వాతే పేరు నమోదుకు వెళ్లండి.