బూడిద గుమ్మడికాయ మీది తెల్లపొడి తుడిచేస్తే కాయ నిలవ ఉండదా?

పెరటితోట:
మా పెరట్లో పందిరికి పాకించిన బూడిద గుమ్మడి తీగ ఈసారి ఆరు కాయలు కాసింది. పిందెగా ఉన్నప్పుడు ఒంటినిండా నూగుతో పచ్చగా ఉన్న కాయ, ముదిరేకొద్దీ నూగు రాలిపోయి సున్నం పూసినట్టు తెల్లబడటాన్ని రోజూ గమనిస్తూ వచ్చాను. వేలితో రాస్తే పొడి అంటుకుంటోంది, ఆ చోట ముదురాకుపచ్చ తోలు నిగనిగలాడుతూ బయటపడుతోంది. వడియాలకు దాచే కాయలను తొడిమతో సహా కోయించి, బూడిద చెదరకుండా అటక మీదికి చేర్చడం మా అత్తగారి అలవాటు. ఆ సంగతి తెలియక నేను రెండు కాయలను తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. ఈ పొడి ఎక్కడి నుంచి వస్తుంది? కాయలోని నీటిని నిజంగా ఇదే కాపాడుతుందా? తీగల ఆకులకు వచ్చే బూడిద తెగులుకూ దీనికీ తేడా ఎలా తెలుసుకోవాలి?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు:
మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. బూడిద తెగులు శిలీంధ్రం వల్ల వస్తుంది. అది ఆకుల మీద విడివిడి మచ్చలుగా మొదలై వ్యాపిస్తుంది, ఆ తర్వాత ఆకు పసుపుబారి ఎండిపోతుంది. మీ కాయ మీద ఉన్నది మైనం. అది ముదిరిన కాయ అంతటా పరుచుకుంటుంది, దాని కింద తోలు ఆరోగ్యంగా ఉంటుంది.

ఈ మైనాన్ని కాయ తోలు పైవరుసలోని బాహ్యచర్మ కణాలే తయారు చేసుకుంటాయి. ఆ కణాల్లోని ప్లాస్టిడ్లు అనే చిన్న అరల్లో మొదట 16, 18 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు పుడతాయి. వాటిలో కొన్ని ఒకదానితో ఒకటి ముడిపడి, క్యూటిన్ అనే గట్టి వలగా కణకవచం బయట పరుచుకుంటాయి. మరికొన్ని కణంలోనే ఉండే అంతర్జీవద్రవ్యజాలం అనే పొరల అల్లికకు చేరి, ఒక్కో విడతలో రెండేసి కార్బన్లను కలుపుకుంటూ 20 నుంచి 34 కార్బన్ల దాకా పొడుగు సాగి, ఆ తర్వాత ఆల్కహాళ్లుగానో, కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే ఆల్కేన్లుగానో మారతాయి. ఆల్కేన్‌గా మారేటప్పుడు ఒక కార్బన్ ఊడిపోతుంది కాబట్టి, ఆకుల మైనంలో 29, 31 వంటి బేసి సంఖ్యల గొలుసులే ఎక్కువగా కనిపిస్తాయి. బూడిద గుమ్మడి పొడిలో మాత్రం ఇలాంటి పొడవు గొలుసుల కన్నా ట్రైటెర్పీనాయిడ్లు అనే వలయాకార అణువులు ముఖ్యమైనవి. ద్రాక్షపండు మీది పొడిలో ఉండే ఓలియనోలిక్ ఆమ్లం కూడా ఆ కుటుంబానిదే.

కణాన్ని చుట్టి ఉండే ప్లాస్మా పొరలోని రవాణా ప్రొటీన్లు ఈ అణువులను కణం బయటికి పంపుతాయి. ఉపరితలానికి చేరాక అవి తమంతట తామే పేర్చుకుని కడ్డీలుగా, గొట్టాలుగా, రేకులుగా స్ఫటికీకరిస్తాయి. ఏ ఆకారం వస్తుందన్నది చాలావరకు మైనంలోని పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఆ సన్నని గరుకుదనం మీద వెలుగు చెల్లాచెదురవుతుంది గనుకనే మన కంటికి తెల్లగా కనబడుతుంది.

ఇక అసలు సంగతికి వస్తే, మీరు తుడిచింది పైన తేలిన పొడిని మాత్రమే. క్యూటిన్ వల సందుల్లో ఇమిడిపోయిన మైనం ఇంకొకటి ఉంది. క్యూటిన్, మైనం కలిసిన ఈ పొరను అవభాసిని (క్యూటికల్) అంటాం. చాలా మొక్కల్లో నీటికి ప్రధానమైన అడ్డు ఆ లోపలి మైనమే, అది గుడ్డతో తుడిస్తే పోదు. క్లోరోఫాం వంటి ద్రావణితో మైనాన్నంతా కరిగించి తీసేస్తే, మిగిలిన క్యూటిన్ గుండా నీరు వందల రెట్లు వేగంగా పోతుందని 1970లలోనే ప్రయోగాలు చూపాయి. అవభాసిని మందంగా ఉంటే నీరు తక్కువ పోతుందని చాలామంది అనుకుంటారు గానీ అది నిలబడే మాట కాదు. మైనంలోని అణువులు ఎంత దగ్గరగా, ఎంత క్రమంగా సర్దుకున్నాయన్నదే ముఖ్యం.

జొన్నచేను:
అధ్యాపకురాలి వివరణ చదివినవారు పైపొడి వల్ల ప్రయోజనం లేదని అనుకునే ప్రమాదం ఉంది. జొన్న కంకి వేసే సమయంలో ఆకు తొడుగుల మీద, కణుపుల దగ్గర చేతికి దట్టంగా అంటేంత తెల్లపొడి పడుతుంది. జొన్న ఎండకు అంతగా ఓర్చుకోవడానికి ఈ పొడి ఒక కారణం. జన్యుమార్పు వల్ల ఆ పొడి లేకుండా పుట్టిన జొన్న రకాలు మామూలు జొన్న కన్నా ఎక్కువ నీటిని కోల్పోతాయి. ఉల్లి మీద మందు కొట్టేటప్పుడు జిగురు మందు కలపకపోతే చుక్కలు ఆకు మీద నిలవకుండా ఎలా జారిపోతాయో పిచికారీ చేసిన ప్రతి రైతుకూ తెలుసు. అది కూడా ఈ పొడి పనే.

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు:
మీరు గుర్తుచేసినది సరైన విషయమే. పైపొడి నీటిచుక్కను నిలవనివ్వదు, ఎండను కొంత వెనక్కి కొడుతుంది, చిన్న పురుగుల కాళ్లకు పట్టు దొరకనివ్వదు. అయితే పొడి లేని ఆ జొన్న మొక్కల్లో పైపొడితో పాటు అవభాసిని కూడా తగ్గిపోయి ఉంటుంది గనుక, పోయిన నీటినంతా పొడి లెక్కలోనే వేయలేం. గుమ్మడి విషయంలో నా భయం వేరు. తడిగుడ్డలో ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా తోలు మీద సన్నని గీత పడుతుంది. గీత పడిన చోట లోపలి అడ్డు తెగిపోతుంది, తడి ఆరని తొడిమ దగ్గర బూజు పడుతుంది. అందుకే తుడిచిన కాయలను ముందుగా వాడుకోమని నా సలహా.

అరటి నర్సరీ:
ఈ పొర విలువ ఎంతో మేము టిష్యూ కల్చర్ మొక్కల దగ్గర, అంటే చిన్న కణజాల ముక్క నుంచి సీసాలో పెంచిన మొక్కల దగ్గర చూస్తాం. సీసాలో గాలి తేమతో నిండి ఉండటం వల్ల అక్కడ పెరిగిన అరటి ఆకుకు మైనం సరిగా పట్టదు, పత్రరంధ్రాలు కూడా సరిగా మూసుకోవు. అలాంటి మొక్కను సీసాలోంచి తీసి బయట గాలిలో పెడితే, వేళ్లు తడిలోనే ఉన్నా ఆకులు కొద్దిసేపట్లోనే వడలిపోతాయి. అందుకే మొదట తేమ గదిలో, ఆ తర్వాత షేడ్‌నెట్ కింద కొన్ని వారాల పాటు తేమను మెల్లగా తగ్గిస్తూ మొక్కను గట్టిపరుస్తాం. సీసాలో విప్పుకున్న పాత ఆకులు అంతగా కోలుకోవు. ఆరుబయటి గాలికి అలవాటు పడుతూ కొత్తగా విచ్చిన ఆకులే మొక్కను నిలబెడతాయి.

పెరటితోట:
ముగ్గురికీ ధన్యవాదాలండి. తుడిచిన కాయలను భూతద్దంతో చూస్తే ఒకదాని మీద నిజంగానే రెండు గీతలు కనిపించాయి. దాన్ని ఈ వారమే వడియాలకు తరుగుతాం. గీతలు లేని రెండోదాన్ని, దాదాపు అదే పరిమాణంలో ఉన్న తుడవని కాయ ఒకదాన్ని తూకం వేసి, బరువు రాసిన చీటీలను తొడిమలకు కట్టి అటక మీద పక్కపక్కనే పెట్టాను. వారానికోసారి తూచి, ఏది ఎంత బరువు తగ్గిందో నెల తర్వాత ఇక్కడే రాస్తాను.