గుడి, గుడిసె: ఒక్క ధాతువేనా?

"గుడిసె" అనేది "గుడి"కి అల్పార్థక రూపమా అని నిన్న ఒక మిత్రులు అడిగారు. రెండింటికీ చుట్టరికం ఉన్న మాట నిజమే గాని, అది తల్లీబిడ్డల సంబంధం కాదు, తోబుట్టువుల సంబంధం.

భాషావేత్తలు బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రెండు మాటలనూ "కుటి" అనే ఒకే పదం కింద చేర్చింది. తమిళంలో "కుడి" అంటే ఇల్లు, ఇంటివారు, ప్రజ అన్న అర్థాలన్నీ ఉన్నాయి, "కుడిసై" అంటే మన గుడిసే. మలయాళంలో ఇంటిని "కుటి" అనీ గుడిసెను "కుటిల్" అనీ అంటారు. తెలుగులోనూ కన్నడంలోనూ పదాది కకారం గకారమై, "గుడి" దేవుడి ఇంటికే పరిమితమైపోగా, మనిషి తలదాచుకునే చోటుకు "గుడిసె" మిగిలింది. ఇది పేదరికం వల్ల చిన్నబోయిన మాట కాదని, అసలు అర్థాన్ని నిలుపుకొన్నది గుడిసేనని నా అభిప్రాయం. "కోవెల"లో (తమిళంలో "కో" + "ఇల్") దాగి ఉన్నదీ ఇల్లే కదా! సంస్కృతంలోని "కుటీ", "కుటీర" శబ్దాలు కూడా ద్రావిడ భాషలనుంచే వెళ్ళాయని కొందరు భాషావేత్తలు భావించారు. అదే నిజమైతే, మనం గౌరవంగా పలికే కుటీరమూ చులకనగా పలికే గుడిసే ఒక్క ఇంటివే.

పల్లెల్లోని పాత ఇళ్ళ పేర్లను గమనిస్తే మరో విశేషం కనిపిస్తుంది. పూరి, అంటే గడ్డి, కప్పితే పూరిల్లు. పెంకు కప్పితే, టుగాగమంతో, పెంకుటిల్లు. తాటాకు కప్పితే తాటాకిల్లు. గోడ ఎక్కువగా మట్టిదే కాబట్టి దానిని బట్టి పేరు పెట్టవలసిన అవసరం రాలేదు. ఏటేటా నేయవలసిందీ, వానకు కారేదీ, నిప్పుకు భయపడవలసిందీ కప్పే. ఆకారాన్ని బట్టి పేరు వచ్చినదిగా నాకు వెంటనే స్ఫురించేది తీరాంధ్రపు గుండ్రని చుట్టిల్లు మాత్రమే.

ఆ నిప్పు భయం నుడికారంలో ఇంకా చెక్కుచెదరలేదు. ఒకదాని చూరుకు మరొకటి ఆనుకొని ఉండే పూరిళ్ళలో ఒక్క రవ్వ ఎగిరినా వాడంతా కాలిపోయేది గనుకనే "కొంపలంటుకున్నట్టు పరుగెత్తాడు" అన్న మాటలో ఏకవచనం కాక బహువచనం నిలిచిందని నాకు అనిపిస్తుంది. సిమెంటు మేడలో ఉంటూ కూడా ఆ మాటను మనం అలాగే, బహువచనంలోనే, వాడుతున్నాం.