ఒంటిపూట బడిలో మూడో తరగతి వారం: కృత్యాలా, చదవడం రాయడమా?

మూడో తరగతి నాన్న:
అందరికీ నమస్కారం. మా బాబు నిజామాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతున్నాడు. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. ఎనిమిదికి ప్రార్థన, పన్నెండున్నరకు భోజనం, ఆ తర్వాత ఇల్లు. వచ్చే వారం ఏమేమి చేయిస్తారో టీచరు గారు ప్రతి ఆదివారం సాయంత్రం తరగతి వాట్సాప్ గ్రూపులో రాసి పెడతారు. ఈ వారానికి పెట్టింది ఇది: సోమవారం ఆవరణలో మీటరు కర్ర పాతి మూడు వేళల్లో దాని నీడ కొలవడం, మంగళవారం మజ్జిగ చేసి ఆ పద్ధతిని నాలుగు వాక్యాల్లో రాయడం, బుధవారం ఆకులు ఏరి ఆకారాన్ని బట్టి వేరు చేయడం, గురువారం ఇంగ్లిష్ అభినయ గేయాలు, ఎక్కాల ఆట, శుక్రవారం పిట్టలకు నీళ్ల మూకుళ్లు కట్టడం, శనివారం కథలు, బొమ్మలు. పాఠ్యపుస్తకం ప్రస్తావన రెండు చోట్ల మాత్రమే ఉంది.

సోమవారం సాయంత్రం బాబు నోటుపుస్తకం తెరిచి చూశాను. మొదటి కొలత దగ్గర “1008 సెం.మీ.” అని ఉంది. పక్కన సూర్యుడి బొమ్మ, దాని కింద టీచరు గారి టిక్కు ఉన్నాయి. ఇది ఎంత అని అడిగితే “నూట ఎనిమిది నాన్నా” అన్నాడు. నూరు రాసి, దాని పక్కన ఎనిమిది చేర్చాడన్నమాట. మూడంకెల సంఖ్య రాయడం రాని పిల్లవాడు మూడు వారాల్లో నాలుగో తరగతికి వెళ్లిపోతున్నాడు. ఈ చివరి వారాలను ఆటపాటలతో గడపడం సబబేనా అన్నది నా ప్రశ్న.

పలక బలపం:
నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఐదు తరగతులు కలిపి 23 మంది పిల్లలు ఉన్నారు. 1008 అని రాసే పిల్లలు నా దగ్గర కూడా ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆ పొరపాటు కర్ర పాతడం వల్ల పుట్టింది కాదండి. అది లోపలే ఉంది, కర్ర పాతాక బయటపడింది. వర్క్‌బుక్కులో 108 అని అచ్చు వేసి ఉంటుంది కాబట్టి, “నూట ఎనిమిది” అని చెవితో విని అంకెల్లో రాయవలసిన అవసరమే పిల్లవాడికి రాదు. పైగా తెలుగులో ఆ మాట పలికే తీరులోనే పదుల స్థానం వినిపించదు. ఆ ఖాళీలో సున్నా పెట్టాలని ఎవరో ఒకరు చేత్తో పట్టించి చూపించాలి.

నేను చేయించే పద్ధతి చెబుతాను. చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టిస్తాను. పది చిన్న కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట. నేల మీద సుద్దతో మూడు గళ్లు గీసి నూట ఎనిమిది పేర్చమంటే, ఎడమ గడిలో పెద్ద కట్ట, కుడి గడిలో ఎనిమిది పుల్లలు పెట్టి, నడి గడిని చూసి ఆగిపోతారు. “ఇక్కడ ఏమీ లేదు టీచర్” అంటారు. ఏమీ లేనప్పుడు ఏం రాస్తాం అని అడిగితే, సున్నా అని వాళ్లే చెబుతారు. తర్వాత పన్నెండు గంటల కొలత 17 వస్తుంది. నీడ ఎంత తగ్గిందో చెప్పమంటే 108లోంచి 17 తీయాలి. పదుల గడి ఖాళీగా ఉంది కనుక పెద్ద కట్టను విప్పక తప్పదు. అప్పు తెచ్చుకుని తీసివేయడం ఇంతకంటే బాగా నేర్పే పాఠం నాకు తెలియదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
34 సంవత్సరాలు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. మేడం గారు వర్ణించిన పద్ధతి మంచిదే, కాని అది పది మంది పిల్లలతో గంటకు పైగా పట్టే పని. ఒంటిపూటలో నాలుగున్నర గంటలే చేతిలో ఉంటాయి. ప్రార్థన, హాజరు, విరామం, భోజనానికి వరుసలు తీసేస్తే మూడున్నర గంటలు నిలవడమే కష్టం. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలంటుంది. ఆ గంటల్లో మజ్జిగ చిలకడానికి ఎంత, చదివించడానికి ఎంత అన్నది లెక్క చూసుకోవాలి కదా.

గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి చేసే అసర్ సర్వే ప్రకారం, దేశంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. అంటే నలుగురిలో ఒక్కరు. మిగిలిన ముగ్గురికి కావలసింది రోజూ గట్టిగా చదవడం, చూచిరాత, ఎక్కాలు అప్పజెప్పడం. మా కాలంలో పన్నెండో ఎక్కం రానివాడు మూడో తరగతి దాటేవాడు కాదు.

వరంగల్ అమ్మ:
నాకు వేరే భయం ఉంది. ఏప్రిల్ ఎండలో పన్నెండు గంటలకు పిల్లలను ఆవరణలోకి తీసుకురావడం ఎంతవరకు క్షేమం? ఎండ పడకూడదనే కదా ఒంటిపూట పెట్టింది.

పలక బలపం:
ఆ కొలతకు రెండు నిమిషాలు పడుతుందండి. కర్రను వేపచెట్టుకు దగ్గరగా పాతుతాము. పిల్లలు చెట్టు కింద ఉంటారు, టేపు పట్టేది ఇద్దరే.

మూడో తరగతి నాన్న:
ఎండ సంగతి, మజ్జిగ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. 1008 పక్కన టిక్కు ఎందుకు పడింది? తప్పు బయటపడటం మంచిదే అన్నారు, ఒప్పుకుంటాను. బయటపడిన తప్పును టీచరు గారు చూశారా, చూడలేదా? చూసి టిక్కు పెట్టినా తప్పే, చూడకుండా పెట్టినా తప్పే.

పలక బలపం:
ఆ టీచరు గారు ఎవరో నాకు తెలియదు కాబట్టి వారి తరఫున చెప్పలేను. నా వరకు, కృత్యం చేసిన రోజు టిక్కు పెడితే పిల్లవాడు పని పూర్తిచేశాడని అర్థం. అంకెలు సరిచేయడం మర్నాడు నేల మీద పుల్లలతో జరుగుతుంది. ఉత్సాహంగా కొలిచి తెచ్చిన కాగితం మీద ఎర్ర సిరాతో కొట్టేస్తే, మర్నాడు టేపు పట్టుకోవడానికి ముందుకు రాని పిల్లలను చూశాను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
టిక్కుకు మన దేశంలో ఒకే అర్థం ఉంది మేడం. అది సరైనదని తల్లిదండ్రులు అనుకుంటారు, పిల్లవాడూ అనుకుంటాడు, తనిఖీకి వచ్చిన అధికారీ అనుకుంటాడు. చూశానని చెప్పాలనుకుంటే సంతకం, తేదీ చాలు. తప్పు పక్కన టిక్కు ఉన్న పుస్తకం ఏడాది పాటు తప్పునే బోధిస్తుంది.

గుంటూరు నుంచి:
మా ఆంధ్రప్రదేశ్‌లో శనివారాలు పుస్తకాల సంచి లేని రోజు అన్నారు. మా పాప శనివారం మాత్రం బడి మానదు.

మూడో తరగతి నాన్న:
బడి మానకపోవడం వేరు, చదువు రావడం వేరండి. టిక్కు విషయంలో మాస్టారు గారు చెప్పిందే నా మాట కూడా. ఇంకొక సంగతి. మంగళవారం మజ్జిగ గురించి నాలుగు వాక్యాలు రాయమన్నారు కదా, బాబు పుస్తకంలో రెండే ఉన్నాయి, అవి కూడా బోర్డు మీద చూసి రాసినవి. “పెరుగులో నీళ్లు పోయాలి. కవ్వంతో చిలకాలి.” ఉప్పు, కరివేపాకు వేశామని నోటితో చక్కగా చెప్పాడు. రాయమంటే “కరివేపాకు”లో రెండో అక్షరం దగ్గరే పెన్సిలు ఆగిపోయింది. ఫొటోలు మాత్రం గ్రూపులో పద్నాలుగు వచ్చాయి.

పలక బలపం:
ఫొటోల మాట వచ్చింది కాబట్టి నేను కూడా దాపరికం లేకుండా రాస్తాను. ఇక్కడ ఇద్దరు పెద్దమనుషులు రెండు రోజులుగా ఒక టిక్కు మీద మాట్లాడుతున్నారు. అరవై మంది లోపు పిల్లలున్న బడికైనా ఇద్దరు టీచర్లు ఉండాలని మాస్టారు గారు చెప్పిన ఆ చట్టమే అంటోంది. మా బడిలో రెండో టీచరును వేరే చోటికి సర్దుబాటు చేసి రెండేళ్లయింది. ఐదో తరగతికి భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి పిల్ల ఏడుస్తుంది, భోజనానికి బియ్యం తూకం చూడాలి, ఆన్‌లైన్ హాజరు పడాలి. ఐదు తరగతులను ఒకేసారి పనిలో పెట్టగలిగేది కృత్యం ఒక్కటే. ఒకే కర్ర నీడను ఒకటో తరగతి వాళ్లు అడుగులతో కొలుస్తారు, మూడో తరగతి వాళ్లు సెంటీమీటర్లలో కొలుస్తారు, ఐదో తరగతి వాళ్లు దానికి గ్రాఫు గీస్తారు. మాస్టారు గారి కాలంలో తరగతికొక టీచరు ఉన్న బడులు కూడా ఉండేవి. ఆ రోజులతో పోల్చి మాకు పాఠాలు చెప్పడం న్యాయం కాదు.

మూడో తరగతి నాన్న గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను, మనసులో పెట్టుకోకండి. మీరు బాబును బడి మార్చడానికి టీసీ తీసుకోవాలని ఇప్పటికే నిర్ణయించుకుని, దానికి కారణం వెతుకుతున్నారా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
నేను కూడా పదకొండేళ్లు ఒక్కడినే బడి నడిపాను. తరగతికొక టీచరు ఉన్న బడిలో నేను పనిచేసింది చివరి ఆరేళ్లే. తెలియని విషయం మీద మాట తూలవద్దు.

మూడో తరగతి నాన్న:
మేడం గారు సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. అవును, ఆలోచిస్తున్నాను. పోయిన నెల పట్టణంలో ఒక ప్రైవేటు పాఠశాలకు బాబును తీసుకువెళ్లాను. లోపల ఒక గదిలో కూర్చోబెట్టి ఇంగ్లిష్ పేరా ఒకటి చదవమన్నారు. వాడు మొదటి మాట దగ్గరే ఆగిపోయి నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను, ఎందుకంటే ఆ పేరా నాకు కూడా తడుముకోకుండా రాదు. నేను ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఏడేళ్లు దుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. అక్కడికి వెళ్లేముందు ఇంగ్లిష్‌లో ఉన్న ఒప్పంద పత్రం చదువుకోలేక ఏజెంటు చెప్పిన చోట సంతకం పెట్టాను. ఓవర్‌టైముకు డబ్బు ఇవ్వరని అందులోనే రాసి ఉందని రెండో నెలలో తెలిసింది.

మా బాబు బడిలో పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. 2022 నుంచి అలాగే ఇస్తున్నారు. ఇంగ్లిష్ పేజీ వాడికి ఎవరు చదివి వినిపించాలి? మీ పిల్లలు ఇంటికి వెళితే మీరు ఉంటారు. కృత్యంలో మిగిలిపోయినదాన్ని సాయంత్రం మీరు పూరిస్తారు. మా ఇంట్లో మిగిలిపోయింది మిగిలిపోయినట్లే ఉంటుంది. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులు. లెక్కపెట్టాను, 49 రోజులు. ఆ 49 రోజులు వాడు 1008ని నూట ఎనిమిది అనుకుంటూ గడుపుతాడు. నేను టిక్కు గురించి పట్టుబట్టడానికి కారణం అది. నీడ కొలవడం మీద నాకు కోపం లేదు.

చదువరి:
ఈ మాట మొదటి రోజే రాసి ఉంటే బాగుండేది. ఇప్పుడు అసలు ప్రశ్న తెలిసింది.

పలక బలపం:
నా మాట గట్టిగా వచ్చింది, మీరిద్దరూ క్షమించాలి. మాస్టారు గారి సర్వీసు గురించి తెలియకుండా అన్నాను. నేనెందుకు అలా అడిగానో కూడా చెప్పాలి. జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కోసం ఇల్లిల్లూ తిరుగుతాము. పోయిన ఏడాది నేను ఎక్కని గడప లేదు. అయినా 29 మందిలో ఆరుగురు టీసీలు తీసుకున్నారు. సంఖ్య ఇలాగే తగ్గితే ఈ బడి ఉంటుందో లేదో అన్న భయంతో పనిచేస్తున్నాను. గ్రూపులో ఫొటోలు పెట్టడం, ఆదివారం రాత్రి వారపు పట్టిక రంగుల్లో తయారు చేయడం, అందులో సగం తల్లిదండ్రుల కోసమే. ఇది ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది. మీ టీచరు గారి పట్టికలో కూడా పిల్లవాడి కోసం ఎంత ఉందో, మీ కోసం ఎంత ఉందో నాకు తెలియదు.

కానీ సెలవుల భారం బడిదా ఇంటిదా అంటే, నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. మీకు ఇంగ్లిష్ రాకపోవడం దీనికి అడ్డం కాదు. నూట ఎనిమిది తెలుగులోనే నేర్పవచ్చు. రోజుకు పదిహేను నిమిషాలు చీపురు పుల్లలతో కూర్చోండి. రెండు వందల మూడు, ఐదు వందల ఏడు, ఆరు వందల పది ఇలా నోటితో చెప్పి రాయించండి. తెలుగు పేజీ వాడే గట్టిగా చదవాలి, మీరు వినాలి. ఒక భాషలో అర్థం చేసుకుని చదవడం వస్తే రెండో భాషకు అదే దారి చూపుతుంది.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
ఇక్కడ నేను మేడం గారితో విభేదిస్తాను. పగలంతా కూలికి, ఉద్యోగానికి వెళ్లే తండ్రి మీద ఈ భారం పెట్టడానికి మనకు హక్కు లేదు. మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుని చదవడం, ప్రాథమిక గణితం ప్రతి బిడ్డకూ రావాలని నిపుణ్ భారత్ పేరుతో 2021లో కేంద్రం పెట్టుకున్న లక్ష్యం బడికి పెట్టుకున్నది, ఇంటికి కాదు. సెలవులకు ముందు రెండు వారాలు కృత్యాలు ఆపి, రానివాళ్లను గుర్తించి వాళ్లతోనే కూర్చోవాలి. పుల్లల కట్టలు మాత్రం నేను వ్యతిరేకించడం లేదు. పదకొండేళ్లు ఒక్కడినే ఉన్నప్పుడు నేను చింతగింజలతో చేయించింది కూడా అదే పని. దాన్ని కృత్యం అంటారని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు.

వరంగల్ అమ్మ:
మా ఇంట్లో పదిహేను నిమిషాలు కుదరదు మేడం. ఇద్దరమూ రాత్రి ఎనిమిదికి వస్తాము. మాస్టారు గారు చెప్పింది నిజం.

మూడో తరగతి నాన్న:
నిన్న రాత్రి పుల్లలతో కూర్చున్నాము. పెద్ద కట్ట కట్టడానికే అరగంట పట్టింది. నూరు పుల్లలు తెగడంతో ఇంట్లో చీపురు పనికిరాకుండా పోయింది. నూట ఎనిమిది నాలుగోసారికి సరిగా రాశాడు. రెండు వందల ముప్పై చెబితే మళ్లీ 20030 అని రాశాడు. నడి గడిలో ఎన్ని కట్టలు ఉన్నాయో చూడమన్నాక, నేను ఏమీ చెప్పకుండానే చెరిపి దిద్దుకున్నాడు.

సోమవారం ప్రార్థనకు ముందే వెళ్లి వాళ్ల టీచరు గారిని కలుస్తాను. వారపు పట్టికలో రోజుకు అరగంట రానివాళ్లకు కేటాయించగలరా అని అడుగుతాను. మాస్టారు గారి మాట కూడా చెబుతాను. టీసీ ప్రస్తావన జూన్ 12 వరకు ఎత్తను. అయితే 1008 పక్కన టిక్కు పెట్టడం సరైన పనేనని మాత్రం నేను ఒప్పుకోలేను, ఆ పుస్తకం వెంట తీసుకువెళుతున్నాను.