శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ హోటల్‌కి అర్ధరాత్రి పికప్: 6 మంది, 10 పెట్టెలు. ఏ బండి, ఎలా మాట్లాడాలి?

లగేజీ_లెక్క

అక్కావాళ్లు డల్లాస్ నుంచి దోహా మీదుగా వస్తున్నారు. డిసెంబర్ 13 శనివారం రాత్రి 2:25కి శంషాబాద్‌లో దిగుతారు. పెద్దవాళ్లు ఐదుగురు (ఇద్దరు 70 దాటినవాళ్లు), నాలుగేళ్ల పాప. 23 కిలోల పెట్టెలు 10, చేతి బ్యాగులు వేరే. హోటల్ సికింద్రాబాద్‌లో, ప్యారడైజ్ దగ్గర. నేను విజయవాడలో ఉంటాను, ఎదురెళ్లే వీలు లేదు. అన్నీ ఫోన్‌లోనే మాట్లాడాలి.

దిగాక యాప్‌లో క్యాబ్ పట్టుకోమననా, ముందే ట్రావెల్స్‌లో మాట్లాడనా, హోటల్ బండే చెప్పనా? ఒక్క ఇన్నోవా చాలని ట్రావెల్స్ ఆయన అంటున్నాడు. కొటేషన్ కింద "టోల్, పార్కింగ్, వెయిటింగ్ ఎక్స్‌ట్రా" అని ఉంది. దీన్ని ఎలా లెక్కేసుకోవాలి?

---

బాడుగ_బండి

ఒక్క ఇన్నోవా చాలదండి. ఆయన మనుషుల్ని లెక్కపెట్టాడు, పెట్టెల్ని లెక్కపెట్టలేదు.

ఇన్నోవా క్రిస్టాలో మూడో వరస సీట్లు వేసి ఉంటే వెనక డిక్కీ సుమారు 300 లీటర్లు. చెకిన్ పెట్టెకి మామూలుగా ఒప్పుకునే కొలత పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు. 75, 50, 30 సెంటీమీటర్ల పెట్టె అనుకుంటే ఒక్కోటి 112 లీటర్లు. నిలబెట్టి రెండు పడతాయి, సందులో ఒక చేతి బ్యాగు దూరుతుంది, అంతే. మూడో వరస మడిచి పక్కలకి లేపి కట్టేస్తే ఐదారు పెద్ద పెట్టెలు వెళ్తాయి. కానీ అప్పుడు డ్రైవర్ కాక ముందు ఒకరు, మధ్యలో ముగ్గురు, మొత్తం నలుగురే. అదీ 8 సీటర్ అయితేనే. 7 సీటర్‌లో మధ్యలో విడివిడి కెప్టెన్ సీట్లు ఉంటాయి, అక్కడ ఇద్దరే. "ఇన్నోవా" అని ఊరుకోకుండా ఏడా ఎనిమిదా అడగండి.

రెండు ఇన్నోవాలు మాట్లాడండి. బండికి ముగ్గురు, ఐదేసి పెట్టెలు, మూడో వరస మడిచే రావాలని ముందే చెప్పండి. "ఇన్నోవా ఖాళీ లేదు, ఎర్టిగా పంపుతాం" అంటే ఒప్పుకోవద్దు. మూడు వరసలూ వేసి ఉంటే దాని డిక్కీ 209 లీటర్లే. యాప్‌లో పెద్ద బండి కేటగిరీ నొక్కినా చాలాసార్లు వచ్చేది అదే. సెడాన్ల సంగతి ఇంకా తమాషా. డిజైర్ డిక్కీ కాగితం మీద 380 లీటర్ల దాకా ఉంటుంది, సీఎన్జీ సిలిండర్ బిగించాక పెద్ద పెట్టె ఒక్కటి కూడా సరిగ్గా కూర్చోదు. రాత్రి మూడింటికి కర్బ్ పక్కన నిలబడి పెట్టెలు ఎక్కించి దించి చూసుకునే పని మీవాళ్లకి పెట్టకండి.

పైన క్యారియర్ ఉందని కొందరు ఒప్పిస్తారు. తాడు, టార్పాలిన్ బండిలో ఉన్నాయా అని అడిగితే సగం మంది దగ్గర జవాబు ఉండదు. ఖాళీ రోడ్డు మీద బండి 80లో పోతుంటే ఒంటి తాడు కట్టు వదులవుతుంది.

ఇక కొటేషన్. "ఎక్స్‌ట్రా" అన్న మాట ఉన్నంతవరకు అది కొటేషన్ కాదు. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్, వెయిటింగ్, నైట్ చార్జీ లేదా డ్రైవర్ బత్తా, టోల్, 5 శాతం జీఎస్టీ అన్నీ కలిపి ఒక్క అంకె వాట్సాప్‌లో రాయించుకోండి. సికింద్రాబాద్‌కి మామూలు దారి హైవే మీద ఆరాంఘర్ దాకా వచ్చి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహదీపట్నంలో దిగి, మాసబ్‌ట్యాంక్, లక్డీకాపూల్, ట్యాంక్‌బండ్ మీదుగా. ఈ దారిలో టోల్ గేటు లేదు. గచ్చిబౌలి వైపు వెళ్లేవాళ్లకి ఔటర్ మీద టోల్ పడుతుంది. మీ బిల్లులో టోల్ కనిపిస్తే ఏ గేటుదో అడగండి.

ఇంకో మెలిక. "ఎయిర్‌పోర్ట్ ట్రాన్స్‌ఫర్" వేరు, "4 గంటలు 40 కిలోమీటర్లు" ప్యాకేజీ వేరు. ప్యాకేజీ మీటరు గ్యారేజ్ నుంచి గ్యారేజ్‌కి తిరుగుతుంది. బండి కూకట్‌పల్లిలో ఉందనుకోండి: అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి దాదాపు 40, సికింద్రాబాద్‌కి ఇంకో 35 దరిదాపు, తిరిగి షెడ్‌కి 12. మీవాళ్లు ఎక్కేలోపే 40 అయిపోతుంది, మిగతాదంతా ఎక్స్‌ట్రా కిలోమీటర్ల రేటు. మొదట చెప్పిన అంకె చవగ్గా వినపడటానికి కారణం ఇదే. "ట్రాన్స్‌ఫర్, పాయింట్ టు పాయింట్" అని మాట్లాడుకోండి.

---

నైట్_ఆడిట్

బండి గురించి పైన చెప్పేశారు. నాకు భయంగా ఉన్నది మీరు తేదీ రాసిన పద్ధతి.

"13 శనివారం రాత్రి 2:25" అని ట్రావెల్స్ వాళ్లకి చెబితే డ్రైవర్ ఏమనుకుంటాడు? మనకి తెల్లవారితే గానీ రోజు మారదు. శనివారం రాత్రి అంటే శనివారం పొద్దంతా గడిచాక వచ్చే రాత్రి. ఆయన పెళ్లి ట్రిప్పు ముగించుకుని ఆ రాత్రి బయల్దేరి నింపాదిగా వస్తాడు. అప్పటికి మీవాళ్లు దిగి 24 గంటలు. ఎయిర్‌పోర్ట్ పికప్‌లలో అన్నిటికంటే ఎక్కువ తగిలే తప్పు ఇది, అందులో ఇద్దరి తప్పూ లేదు. గడియారం లెక్క ఒకటి, నోటి లెక్క ఇంకొకటి.

కాబట్టి ఇలా రాయండి: "12 శుక్రవారం రాత్రి, తెల్లవారితే 13 శనివారం, 02:25." ఫోన్‌లో అయితే "శుక్రవారం రాత్రి భోంచేసి బయల్దేరాలి" అనండి, ఇంకెవరూ పొరపడరు. ఏఎం, పీఎం జోలికి పోకుండా 24 గంటల లెక్కలో రాస్తే ఇంకా మేలు.

డల్లాస్‌లో 11న ఎక్కితే టికెట్‌లో దిగే టైమ్ పక్కన చిన్నగా "+2" ఉంటుంది. అది "+1" అనుకుని 12 రాసేవాళ్లూ ఉన్నారు. అక్కగారిని టికెట్ ఫోటో పంపమనండి, మాట మీద రాసుకోవద్దు.

హోటల్ దగ్గరికొచ్చేసరికి ఇదే లెక్క తిరగబడుతుంది. బండి 13కి, గది మాత్రం 12 నుంచి ఉండాలి. హోటళ్ల చెకిన్ మధ్యాహ్నం 12కో 2కో. గది 13 నుంచి బుక్ చేస్తే తెల్లవారుజామున నాలుగున్నరకి ఇద్దరు పెద్దవాళ్లూ చంటిదీ లాబీ సోఫాలో మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. హోటల్ నిండుగా ఉంటే ఎర్లీ చెకిన్ బతిమాలినా దొరకదు. 12 నుంచి గది తీసుకుని, 12 సాయంత్రం ఫ్రంట్ ఆఫీస్‌కి ఫోన్ చేసి "గెస్టులు తెల్లవారుజామున నాలుగున్నరకి వస్తారు, నో-షో వేయకండి" అని చెప్పండి. చెప్పకపోతే రాత్రి ఆడిట్ (ఆ రోజు లెక్కలు ముగించడం) అయ్యేటప్పుడు బుకింగ్ నో-షోలో (గెస్టు రాలేదన్న లెక్కలో) పడి, గది వేరేవాళ్లకి వెళ్లే ప్రమాదం ఉంది.

అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, పాపతో సహా, పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి ఇచ్చేది) లేదా వీసా చేతి బ్యాగులోనే ఉంచుకోమనండి. విదేశీ పాస్‌పోర్ట్ వాళ్ల వివరాలు హోటల్ 24 గంటల్లోగా నమోదు చేయాలి, అందుకే కౌంటర్‌లో అడుగుతారు. ఆ వేళప్పుడు పెట్టె విప్పి వెతకడం నరకం.

హోటల్ బండి రేటు బయట ట్రావెల్స్ కంటే బాగా ఎక్కువే. లాభం ఒక్కటే: విమానం ఆలస్యమైతే ట్రావెల్ డెస్క్ వాళ్లే చూసుకుంటారు, డబ్బు గది బిల్లులో కలుస్తుంది. ఇద్దరే వస్తుంటే అదే చెప్పేదాన్ని. పది పెట్టెలకి రెండు హోటల్ బండ్లంటే బరువే.

---

పిల్లర్_నంబర్

రెండు ఇన్నోవాల కంటే 12 సీట్ల టెంపో ట్రావెలర్ నయం. అందరూ ఒకే బండిలో, పెట్టెలు వెనక సీట్ల మీద. ఇద్దరు డ్రైవర్లని విడివిడిగా పట్టుకునే గొడవ ఉండదు.

---

బాడుగ_బండి

కుర్రాళ్లైతే సరే. 70 దాటినవాళ్లు 20 గంటలకి పైగా ప్రయాణం చేసి ఆ మెట్టు ఎక్కడం కష్టమండి. టెంపోలో వేరే డిక్కీ సరిగ్గా ఉండదు, పెట్టెలు సీట్ల మీద పెడితే బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి జారతాయి, తాడుతో కట్టాల్సిందే. పైగా కొన్ని హోటళ్ల పోర్టికోలోకి అంత ఎత్తు బండి వెళ్లదు, రోడ్డు మీదే దించేస్తారు. టెంపోనే కావాలంటే హోటల్‌కి ఫోన్ చేసి పోర్టికో ఎత్తు కనుక్కోండి.

---

పిల్లర్_నంబర్

మెట్టు సంగతి నిజమే. అయితే రెండు బండ్లే ఖాయం చేసుకోండి, కానీ పెద్దవాళ్లిద్దరినీ ఫోన్ పనిచేయనివాళ్ల బండిలో ఎక్కించకండి.

ఫోన్ దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. అమెరికా సిమ్ రోమింగ్ లేకపోతే దిగగానే మూగబోతుంది. ఎయిర్‌పోర్ట్ వైఫై వాడదామంటే ఓటీపీ ఫోన్‌కి రావాలి. యాప్ క్యాబ్‌కైనా ఫోన్, నెట్, డ్రైవర్ కాల్ ఎత్తడం అన్నీ కావాలి, అందుకే ఆ దారి మీవాళ్లకి వద్దంటాను. కనీసం ఒక్క ఫోన్‌లో రోమింగ్ గానీ ఈ-సిమ్ గానీ అక్కడే వేయించుకుని రమ్మనండి. ట్రావెల్స్ వాళ్లకి మూడు నంబర్లు ఇవ్వండి: వాళ్ల వాట్సాప్, మీ నంబర్, హోటల్ నంబర్. ఆ రాత్రి మీ ఫోన్ సైలెంట్‌లో ఉండకూడదు.

ఎరైవల్స్ బయట బండిని ఎక్కువసేపు ఆపనివ్వరు. డ్రైవర్ పార్కింగ్‌లో ఉండి, పెట్టెలు చేతికొచ్చాక ఫోన్ చేస్తే ముందుకొస్తాడు. కాబట్టి మీవాళ్లు ఫోన్ చేయాల్సింది దిగినప్పుడు కాదు, బెల్టు దగ్గర ఆఖరి పెట్టె ట్రాలీ ఎక్కాక. పేరు బోర్డు పట్టుకునే మనిషి కావాలంటే ముందే చెప్పండి, కొందరు దానికి వేరే డబ్బు తీసుకుంటారు. బోర్డు మీద పేరు పెద్దక్షరాల్లో, ఇంగ్లీషులో, ఇంటిపేరు లేకుండా రాయమనండి. తెలుగు ఇంటిపేర్ల స్పెల్లింగ్ సగం మంది తప్పే రాస్తారు.

ఫ్లైట్ నంబర్ దోహా–హైదరాబాద్ విమానానిది ఇవ్వాలి, డల్లాస్‌ది కాదు. టికెట్‌లో ఒక కంపెనీ కోడ్ ఉండి, నడిపేది ఇంకో కంపెనీ అయితే నడిపేవాళ్ల నంబరే ఇవ్వండి.

బండి నంబర్ ప్లేట్ పసుపు మీద నల్ల అక్షరాలు ఉండాలి. ఎలక్ట్రిక్ ట్యాక్సీ అయితే ఆకుపచ్చ మీద పసుపు. తెల్ల ప్లేటు వస్తే అది సొంత బండి, కిరాయికి తిప్పకూడదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేయొచ్చు. బయటికి రాగానే "సార్ ట్యాక్సీ, సికింద్రాబాదా?" అని ట్రాలీ మీద చెయ్యేసేవాళ్ల వెంట మాత్రం వెళ్లొద్దని చెప్పండి. హోటల్ పేరుతో పాటు వీధి పేరు, మ్యాప్ పిన్ పంపండి. ఒకే పేరుతో ఊళ్లో రెండు మూడు బ్రాంచులున్న హోటళ్లు బోలెడు.

---

లగేజీ_లెక్క

తేదీ దగ్గర నిజంగానే పడేవాణ్ణి. గది 13కే బుక్ అయి ఉంది, ఇప్పుడే మారుస్తాను. రెండు సందేహాలు. బండిని 02:25కే రమ్మనాలా? పాపకి చైల్డ్ సీట్ ట్రావెల్స్ వాళ్లు ఇస్తారా?

---

బాడుగ_బండి

02:25కి వస్తే గంటకి పైగా పార్కింగ్ మీటరు ఊరికే తిరుగుతుంది. చక్రాలు నేల తాకాక తలుపు తెరవడానికి 10–15 నిమిషాలు, ఇమిగ్రేషన్ 20 నుంచి 60, బెల్టు ఇంకో 20–40. గల్ఫ్ విమానాలు చాలావరకు ఈ వేళలోనే ఒకదాని వెనక ఒకటి దిగుతాయి కాబట్టి క్యూ ఉంటుందనే అనుకోండి. బండ్లు 03:15కి పార్కింగ్‌లో ఉంటే చాలు. 60 నిమిషాలు ఫ్రీ వెయిటింగ్ అంటే ఎక్కడి నుంచి లెక్క అని అడగండి: విమానం నిజంగా దిగినప్పటి నుంచా, షెడ్యూల్ టైమ్ నుంచా, బండి రిపోర్ట్ చేసినప్పటి నుంచా? రెండోదైతే, విమానం గంట ఆలస్యమైతే ఆ గంట డబ్బు మీదే.

చైల్డ్ సీట్ ఇస్తామని చెప్పి తేనివాళ్లే ఎక్కువ, అక్కణ్నుంచే తెచ్చుకోమనండి. చాలా ఎయిర్‌లైన్స్ దాన్ని పెట్టెల లెక్కలో వేయవు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీట్ గానీ ఉండాలి, లేకపోతే 1,000 రూపాయల జరిమానా. సీటు తెచ్చినా మన ట్యాక్సీల్లో ఇంకో అడ్డం ఉంటుంది: మధ్య వరస బెల్టు బకిల్ సీట్ కవర్ కింద దూరిపోయి ఉంటుంది. కవర్ కుట్టినవాడు దానికి రంధ్రం వదలడు. బండి బయల్దేరకముందే మధ్య వరస బకిళ్లు పైకి తీసి ఫోటో పంపమని డ్రైవర్‌ని అడగండి.

---

లగేజీ_లెక్క

ట్రావెల్స్‌కి పంపే మెసేజ్ ఇది, చూడండి:

"12 శుక్రవారం రాత్రి, తెల్లవారితే 13 శనివారం. పికప్ 02:25, దోహా విమానం. 2 ఇన్నోవా క్రిస్టా, 8 సీటర్, పసుపు ప్లేట్, మూడో వరస మడిచి. 6 మంది, 10 పెద్ద పెట్టెలు. ప్యారడైజ్ దగ్గర హోటల్‌కి ట్రాన్స్‌ఫర్, పాయింట్ టు పాయింట్. పార్కింగ్, వెయిటింగ్, బత్తా, జీఎస్టీ కలిపి మొత్తం ఎంత? డ్రైవర్ల పేర్లు, బండి నంబర్లు శుక్రవారం రాత్రి 10 లోపు పంపాలి."

---

నైట్_ఆడిట్

"పికప్ 02:25" తీసేయండి. "ల్యాండింగ్ 02:25, బండి రిపోర్టింగ్ 03:15" అని రెండూ విడిగా రాయండి. ఫ్లైట్ నంబర్, మూడు ఫోన్ నంబర్లు, ఫ్రీ వెయిటింగ్ ఎక్కడి నుంచి లెక్కో, క్యాన్సిల్ చేస్తే అడ్వాన్స్ ఎంత పోతుందో చేర్చండి. పేర్లు, బండి నంబర్లు రాగానే అక్కగారికి ఫార్వర్డ్ చేయండి, దోహాలో ఆగినప్పుడు వైఫై మీద చూసుకుని స్క్రీన్‌షాట్ తీసుకుంటారు.