రెండేళ్ల పిల్లాడున్న ఇంట్లో ఆఫీసు పని సాగుతుందా?

బ్రాడీపేట_నాలుగో_లైను:
మాది గుంటూరు. హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు. ఆయన పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వెళ్తే రాత్రికి గాని రారు. అత్తగారు ఉన్నారు, కానీ ఆవిడకు మోకాళ్ల నొప్పులు, వీడేమో క్షణం నిలవడు. నిన్న కంపెనీ ఒక పత్రం పంపింది. పని వేళల్లో బిడ్డను నేను కాకుండా వేరొకరు చూసుకుంటారని సంతకం చేయాలట. ఆ చూసుకునేవారి పేరు రాయడానికి ఒక గడి కూడా ఉంది. ఇలా అడగవచ్చా? మీరైతే ఏం చేస్తారు?

కానూరు_సెంటర్:
అడగడంలో తప్పేముంది? ఎనిమిది గంటల జీతం తీసుకుంటున్నప్పుడు ఆ ఎనిమిది గంటలూ వాళ్లవే. నా కింద తొమ్మిది మంది ఉన్నారు. నిరుడు ఒకతను చంటిపాప ఉందంటే ఇంటి నుంచి చేయనిచ్చాను. అమెరికా వాళ్లతో మాట్లాడుతుండగా పాప గుక్కపెట్టి ఏడుపు. మైకు ఆపడం మరిచిపోయాడు. ఐదు నిమిషాలని లేచి వెళ్లినవాడు నలభై నిమిషాలకు వచ్చాడు. ఇలా మూడు నెలలు. మిగిలిన పని ఎవరు చేశారనుకుంటున్నారు? రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని నేనే చేశాను.

పటమట_రోడ్డు:
మైకు ఆపి ఉంటే ఈ గొడవే లేదు.

కానూరు_సెంటర్:
నేను చెబుతున్నది మైకు గురించి కాదండీ.

పటమట_రోడ్డు:
మైకు అన్నది మీరే కదా సార్.

సత్యనారాయణపురం_మాస్టారు:
ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించారు. 12 వారాల సెలవును మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు చేశారు. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట పిల్లలను చూసుకునే కేంద్రం ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. పని స్వభావం ఒప్పుకుంటే, సెలవు అయ్యాక కూడా ఇద్దరూ మాట్లాడుకుని ఇంటి నుంచి పని చేసుకోవచ్చనీ అందులోనే ఉంది. ఆఫీసులో నాలుగుసార్లు బిడ్డ దగ్గరకు వెళ్లడం హక్కయినప్పుడు, ఇంట్లో పక్క గదిలోకి వెళ్లడం నేరమెలా అవుతుంది?

కానూరు_సెంటర్:
మా కంపెనీలో ఉన్నదే 43 మందిమి.

సత్యనారాయణపురం_మాస్టారు:
మీ కంపెనీ సంగతి ఎవరడిగారు సార్? న్యాయం అడుగుతుంటే లెక్క చెబుతున్నారు.

సింగ్‌నగర్_మేడ:
మా వీధిలో ముందు కరెంటు ఉండాలి, పిల్లల సంగతి తరువాత. ఇన్వర్టర్ బ్యాటరీ ఏది మంచిదో ఎవరైనా చెబుతారా?

బ్రాడీపేట_నాలుగో_లైను:
కానూరు వారికి నా రోజు చెబుతాను. నాలుగున్నరకు లేచి ఏడింటి దాకా కూర్చుంటాను. మధ్యాహ్నం ఒంటిగంటకు వాడు పడుకుంటే మూడు దాకా నాదే. ఆ నాలుగున్నర గంటల్లో రాసినంత పని ఆఫీసులో ఉన్నప్పుడు రోజంతా చేసినా అయ్యేది కాదు. మెయిళ్లకు జవాబులు, చిన్నాచితకా దిద్దుబాట్లు వాడు గిన్నెలు మోగిస్తుండగానే అవుతాయి. నాకు నిజంగా ప్రాణం మీదకు వచ్చేది సాయంత్రమే. న్యూయార్కులో పొద్దున తొమ్మిదంటే మనకు వేసవిలో ఆరున్నర, వాడి అన్నం వేళ. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి జరిపితే ఏడున్నర, వాడి నిద్ర వేళ. నెయ్యన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఎన్ని సమావేశాల్లో తలూపానో లెక్కలేదు. మైకు మాత్రం ఎప్పుడూ ఆపే ఉంచాను.

కానూరు_సెంటర్:
నాలుగున్నర గంటలు! మీరే ఒప్పుకున్నారు.

బ్రాడీపేట_నాలుగో_లైను:
అంత రాస్తే మీకు కనిపించింది ఆ అంకె ఒక్కటేనా? ఆఫీసులో టీకి అరగంట, పక్క సీటు వాళ్ల పెళ్లి చూపుల కబుర్లకు గంట. వాటిని ఎప్పుడైనా జీతంలో కోశారా?

పటమట_రోడ్డు:
ఇది మాత్రం నిజం.

కానూరు_సెంటర్:
ఫోను చేతికిచ్చి కూర్చోబెడతారు, దానికి పిల్లల పెంపకమని పేరు. రెండేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అటు పనీ సగం, ఇటు పిల్లాడూ సగం.

బ్రాడీపేట_నాలుగో_లైను:
మా ఇంట్లో ఎవరు ఫోను ఇచ్చారండీ? మీరు చూశారా? మీ పిల్లలను ఎవరో పెంచి పెట్టి ఉంటారు. రాత్రి ఇంటికొచ్చి నిద్రపోతున్న పిల్లల నెత్తి నిమిరి అదే పెంపకం అనుకునే మగవాళ్లకు నా బాధ ఎలా తెలుస్తుంది?

కానూరు_సెంటర్:
నేను మగవాణ్ణి కాదు. పైన సార్, సార్ అంటున్నారు, చెప్పడం ఎందుకులే అని ఊరుకున్నాను. మా అమ్మాయి 2012లో పుట్టింది. అప్పుడు ఇంటి నుంచి పని అంటే మా మేనేజరు నవ్వాడు. ఏడాదిన్నర పిల్లను తెనాలిలో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. మూడేళ్లు, ఆదివారం ఆదివారం రైలు. గంట కూడా పట్టని దూరం. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మాత్రం తరిగేది కాదు. అది మా అమ్మను అమ్మా అని, నన్ను విజయవాడ అమ్మా అని పిలిచేది. అలా తెచ్చుకున్న ఉద్యోగం నాది. ఇప్పుడు ఒకరు ముద్ద కలుపుతూ కూడా అదే జీతం వస్తుందంటే, రాదని రుజువు చేయాలనిపిస్తుంది. అనుకోండి, ఏమైనా అనుకోండి.

సత్యనారాయణపురం_మాస్టారు:
క్షమించాలమ్మా. సార్ అన్నాను.

బ్రాడీపేట_నాలుగో_లైను:
నాకు తెలియదు మేడమ్. మగవాళ్లని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీ పిల్ల తెనాలిలో పెరిగింది కాబట్టి మా వాడు కూడా ఎక్కడో ఒకచోట పెరగాలా?

కానూరు_సెంటర్:
పెరగాలనడం లేదు. వాడు మీ దగ్గర పెరిగే ఖరీదు నా బృందంలో మిగతా ఎనిమిది మంది మీద పడకూడదంటున్నాను. అందులో పెళ్లి కానివాళ్లు నలుగురు. పండగ రోజు పనంతా వాళ్ల నెత్తికే చుడతాం. వాళ్ల తరఫున ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు.

బ్రాడీపేట_నాలుగో_లైను:
ఆ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మీ అమ్మగారి మూడేళ్ల ఖరీదు ఎవరి మీద పడిందో మాత్రం అడగాలని ఉంది.

కానూరు_సెంటర్:
అడగవద్దు.

సింగ్‌నగర్_మేడ:
బ్యాటరీ సంగతి ఎవరూ చెప్పలేదు.

బ్రాడీపేట_నాలుగో_లైను:
రెండు రోజుల తరువాత రాస్తున్నాను. సంతకం పెట్టాను. గడిలో అత్తగారి పేరు రాశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా చదివి, “జీతం రాయడానికి గడి లేదేమిటమ్మాయ్?” అన్నారు.

పటమట_రోడ్డు:
సంతకం పెడితే పెట్టారు, మైకు మాత్రం ఆపండి.